రీలు చివర చుక్క

సినిమా పిచ్చి అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ పేజీలు తిరగేసేవాళ్ళలో అది లేనివాళ్ళెవరు లెండి! మొదటిరోజు మొదటి ఆటకి లైన్లో చొక్కా చింపించుకున్నవాళ్ళూ, అభిమాన హీరో కటౌటుకి దండలు మోసినవాళ్ళూ, ఒక్క పాట కోసం ఒకే సినిమా పదకొండుసార్లు చూసినవాళ్ళూ అందరూ మనవాళ్ళే. ఆ పిచ్చి నాకు పుట్టుకతోనే ఉంది. అయితే ఇరవయ్యో ఏట నాకు ఇంకో రకం పిచ్చి కూడా పట్టింది. లోకం చూసి నవ్వే పిచ్చి. డాక్టర్లు దాన్ని 'సైకోసిస్' అంటారు. అది వచ్చింది, పోయింది, అయిదేళ్ళ తర్వాత మళ్ళీ గుమ్మం దాకా వచ్చింది. ఆ రెండోసారి దాన్ని గుర్తుపట్టింది డాక్టరు కాదు, మా ఇంట్లోవాళ్ళు కాదు, నేనే! ఎలా గుర్తుపట్టానో చెప్పడానికే ఇదంతా.

అందుకు ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

మా నాన్న తెనాలిలో ఒక సినిమాహాల్లో ప్రొజెక్టరు ఆపరేటరు. నా బాల్యమంతా ఆ కేబిన్లోనే గడిచింది. వేడి, నూనె వాసన, రెండు ప్రొజెక్టర్ల రొద, గోడకి రెండు చిన్న కిటికీలు. పాతరోజుల్లో సినిమా రీళ్ళుగా వచ్చేదని మీలో చాలామంది విని ఉంటారు. ఒక ప్రొజెక్టరు మీద రీలు అయిపోయే క్షణానికి రెండోదాని మీద తరువాతి రీలు అందుకోవాలి. అందుకోకపోతే తెర తెల్లబోతుంది, నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలతో మా నాన్న తాతముత్తాతల్ని తలుచుకుంటారు! మరి ఎప్పుడు మార్చాలో ఆయనకెలా తెలిసేది? రీలు చివర, తెర కుడివైపు పైమూల, ఒక చుక్క టక్కున మెరిసి మాయమవుతుంది. అది మొదటి హెచ్చరిక. రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యమని. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. అప్పుడు మార్చెయ్యాలి.

హాల్లో ఎనిమిది వందలమంది ఉన్నా ఆ చుక్కని చూసేవాడు మా నాన్న ఒక్కడే. చిన్నప్పుడు ఓసారి అడిగాను, "నాన్నా, నువ్వు సినిమా చూడవా?" అని.

"చూస్తాన్రా. కానీ అందులో పడిపోను. నేనూ పడిపోతే చుక్కనెవరు చూస్తారు?" అన్నాడాయన.

ఈ మాట గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

పోస్టరు నన్నే చూపించింది!

2008. గుంటూరులో బి.కాం. ఆఖరి సంవత్సరం. పరీక్షలు దగ్గర పడ్డాయి. నేను చదువుతున్నది మాత్రం కామర్స్ కాదు. ఒక సినిమా కథ రాస్తున్నాను. రెండు వందల పేజీల నోటుబుక్కు. రాత్రి రెండింటికి పడుకునేవాణ్ణి, తర్వాత మూడింటికి, తర్వాత అసలు పడుకోవడం మానేశాను. నిద్ర లేకపోయినా హుషారుగా ఉండేది. బుర్ర మహా చురుగ్గా పనిచేస్తోందనుకున్నాను. అదే మొదటి మోసం.

ఆ రోజుల్లోనే ఒక పెద్ద హీరో సినిమా రిలీజయింది. పేరెందుకు లెండి, ఆయన తప్పేం లేదు. ఊరినిండా పోస్టర్లు. పోస్టరులో ఆయన వేలు ఎదురుగా చాపి ఉంటాడు. బ్రాడీపేటలో నడుస్తున్నాను, ఆ వేలు నన్నే చూపిస్తోంది. అరండల్‌పేటలోనూ నన్నే. బస్టాండు దగ్గరా నన్నే! నాలుగో పోస్టరు దగ్గర నాకు 'అర్థమైంది'. నా నోటుబుక్కు వాళ్ళకి చేరింది. నా కథనే సినిమా తీశారు. ఆ సంగతి నాకు తెలియజెయ్యడానికే ఈ సైగలు.

మీకు నవ్వొస్తోందేమో. నవ్వండి, పర్వాలేదు. కానీ అప్పటి నా స్థితి కాస్త ఊహించుకోండి. అది అనుమానంలా లేదు. అనుమానమైతే అటూ ఇటూ ఊగుతుంది. ఇది ఊగదు. రెండురెళ్ళు నాలుగన్నంత గట్టిగా ఉంటుంది. పైగా ఎంత ఆనందమో! ఇన్నాళ్ళూ చెల్లాచెదరుగా ఉన్న లోకమంతా ఒక్క స్క్రీన్‌ప్లేలో ఒదిగిపోయింది. దానికి హీరోని నేను!

ఆనందం వారం కూడా నిలవలేదు. సైగలు బెదిరింపులయ్యాయి. గదిలో ఎవరూ లేనప్పుడు ఇద్దరు మాట్లాడుకునేవారు. "లేచాడు... చొక్కా వేసుకుంటున్నాడు... అదిగో కిటికీ తీశాడు" అంటూ, క్రికెట్ కామెంటరీలాగా. చివరికి ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా సికింద్రాబాదు రైలెక్కాను. మర్నాడు ఫిలింనగర్లో ఒక బంగళా గేటు ముందు నిలబడ్డాను, "నా నోటుబుక్కు నాకిచ్చెయ్యండి" అంటూ. నోటుబుక్కు నా సంచిలోనే ఉంది సుమా! ఆ ముక్క నాకు తట్టలేదు. ఆ గేటు దగ్గరి వాచ్‌మన్ పుణ్యాత్ముడు. నన్ను గెంటెయ్యలేదు. టీ ఇప్పించి, నా దగ్గర ఫోను నంబరు తీసుకుని మా నాన్నకి కబురుపెట్టాడు.

రీరికార్డింగు మితిమీరితే...

అసలీ జబ్బు ఎందుకొస్తుంది? ఒక్క కారణం లేదంటారు. కొంత వంశం, కొంత మెదడు ఎదుగుదల, కొంత ఒత్తిడి. గంజాయి వంటివి దీనికి బాగా ఆజ్యం పోస్తాయి. సాధారణంగా పదిహేను పదహారేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపే మొదలవుతుంది. అంటే సరిగ్గా మన వయసువాళ్ళకే. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి స్థితి ఒక్కసారైనా వచ్చేవాళ్ళు నూటికి సుమారు ముగ్గురుంటారని లెక్క. మీరు కూర్చున్న వరసలో ఒకరైనా ఉండొచ్చన్నమాట.

లోపల ఏం జరుగుతుందో చెప్పినవాళ్ళలో ఒకాయన ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్నవాడే, షితిజ్ కపూర్ అనే సైకియాట్రిస్టు. 2003లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో బాగా పేరు పొందింది. మన మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. 'ఇది ముఖ్యం, ఇటు చూడు' అని మన దృష్టిని లాగడం దాని పనుల్లో ఒకటి. సైకోసిస్‌లో అది వేళాపాళా లేకుండా ఊరుతుంది. దాంతో ముఖ్యం కానివన్నీ ముఖ్యమైనట్టు మెరుస్తాయి. అలా ఎందుకు మెరుస్తున్నాయో తెలియక, మనిషి తన బుర్రకి తోచిన కథ అల్లుకుంటాడు. ఆ కథే భ్రమ.

మన భాషలో చెప్పాలంటే, అది రీరికార్డింగు. హీరోయిన్ మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళింది. మామూలు సీను. దానికి వెనకాల 'ధడ్... ధడ్... ధడ్' అని సంగీతం పెట్టండి. అంతే, వంటింట్లో హంతకుడున్నాడని హాలంతా బిగుసుకుపోతుంది! నాకు జరిగింది అదే. కండక్టరు దగ్గినా, కుక్క మొరిగినా వెనకాల ఆ సంగీతం. సంగీతం వినిపిస్తుంటే హంతకుడు లేడని ఎలా నమ్మను?

మందులు ఆ సంగీతం వాల్యూము తగ్గిస్తాయి. నాకూ తగ్గించాయి. కాకపోతే అల్లుకున్న కథ దానంతటది చెరిగిపోదు. దాన్ని మనమే కూర్చుని విప్పుకోవాలి. అది రెండో పని.

గోళీల ఆట

మా ఇంట్లో మొదట జరగాల్సినవన్నీ జరిగాయి. తాయెత్తు కట్టించారు, ఒక మంగళవారం మిరపకాయలు దిష్టి తీశారు, మా మేనత్త "పెళ్ళి చేస్తే సర్దుకుంటాడు" అంది. అలా నాలుగు నెలలు పోయాయి. చివరికి మా అక్క పట్టుబట్టి నన్నొక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆవిడ నాతో ఒక్కసారి కూడా "అదంతా అబద్ధం" అనలేదు. అంటే నేను కుర్చీలోంచి లేచిపోయేవాణ్ణే. మందులు రాసిచ్చి, నిద్ర పట్టడం మొదలయ్యాక ఒకరోజు అడిగింది, "నీ కథని వాళ్ళు తీశారన్న నమ్మకానికి నూటికి ఎన్ని మార్కులు వేస్తావు?"

"నూరు," అన్నాను.

"సరే. ఆ మార్కులు ఎప్పుడైనా మారితే నాకు చెప్పు."

అంతే. ఇంకేం అడగలేదు. కానీ ఇంటికొచ్చాక నాకో చిక్కొచ్చిపడింది. అప్పటిదాకా నేను నమ్ముతున్నాను. ఇప్పుడు 'నేను నమ్ముతున్నాను' అన్న సంగతిని కూడా చూస్తున్నాను. రెండూ ఒకటి కాదు!

దీన్నే సైకాలజీలో 'మెటాకాగ్నిషన్' అంటారు. ఆలోచన మీద ఆలోచన. 1970లలో జాన్ ఫ్లావెల్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ మాటని ప్రచారంలోకి తెచ్చాడు. మొదట్లో పిల్లలు ఎలా నేర్చుకుంటారో తెలుసుకోవడానికి వాడిన మాట అది. లెక్క చెయ్యడం వేరు, 'ఈ లెక్క నాకు సరిగ్గా వచ్చిందా?' అని చూసుకోవడం వేరు. సినిమా చూడడం వేరు, చుక్కని చూడడం వేరు.

మరోసారి డాక్టరమ్మ రెండు గుడ్డసంచులు తెచ్చింది. ఒకదాన్లో 85 ఎర్ర గోళీలు, 15 పచ్చవి. రెండోదాన్లో సరిగ్గా తిరగేసి. ఒక సంచి బల్ల కింద పెట్టి, ఒక గోళీ తీసి చూపించి మళ్ళీ లోపల వేసింది. "ఇది ఏ సంచి? తేలేదాకా ఎన్ని గోళీలు కావాలంటే అన్ని చూపిస్తా" అంది. ఎర్ర గోళీ. "ఎర్రవాటి సంచి," అన్నాను తడుముకోకుండా.

"ఒక్క గోళీతోనే తేల్చేశావే!"

ఈ ఆట ఆవిడ కనిపెట్టింది కాదు. 1988లో లండన్లో హక్, గారెటీ, హెమ్స్‌లీ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి పరీక్షే పెట్టారు. భ్రమలున్నవాళ్ళు మిగతావాళ్ళకంటే తక్కువ పూసలు చూసి తేల్చేస్తున్నారని గమనించారు. అందరూ అలా చెయ్యరు, జబ్బు లేనివాళ్ళలోనూ తొందరపాటువాళ్ళుంటారు, అది నిజమే. కానీ నా విషయంలో గురి తప్పలేదు. నాలుగు పోస్టర్లతో నేను ఒక సినిమా కంపెనీ మొత్తాన్ని దొంగల్ని చేశాను! జర్మనీలో హాంబర్గులో స్టెఫెన్ మోరిట్జ్ బృందం ఇలాంటి తొందరపాట్లని సరిదిద్దడానికే ఒక శిక్షణ తయారుచేసింది. నలుగురిని కూర్చోబెట్టి ఒక బొమ్మని కొద్దికొద్దిగా చూపిస్తారు. తొందరపడి ఏదో పేరు చెప్పినవాడు, బొమ్మ పూర్తయ్యేసరికి తనే నవ్వుకుంటాడు. ఆ నవ్వే మందు.

నాకు ఇంటిపని కూడా ఇచ్చింది డాక్టరమ్మ. "మీ అక్కని తీసుకెళ్ళు. పోస్టరుకి అటు నువ్వు, ఇటు ఆవిడ నిలబడండి. ఆ వేలు ఎవర్ని చూపిస్తోందో ఒకేసారి చెప్పండి." వెళ్ళాం. తెనాలి గాంధీచౌకులో, పట్టపగలు, జనం చూస్తుండగా!

"నన్ను!" అన్నాను.

"నన్ను!" అంది అక్క.

చోట్లు మార్చుకున్నాం. మళ్ళీ అదే. సోడాబండి కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "నన్నే చూపిస్తున్నాడండీ, ఏం?" అన్నాడు. ఆ సాయంత్రం మా నాన్నని అడిగితే తేలిగ్గా తేల్చేశాడు. "బొమ్మ చదునుగా ఉంటుంది కదరా. ఎదురుగా చాపిన వేలు ఏ పక్కనించి చూసినా చూసేవాడివైపే ఉంటుంది. అందరివైపూ చూపించాలనే కదా ఆ పోస్టరు వేసింది!"

ఆ రాత్రి నా మార్కులు నూరు నుంచి డెబ్భైకి దిగాయి. నెలకి నలభై. ఒక రోజున సున్నా అయిందని చెప్పలేను. ఒక రోజున మార్కులు వెయ్యడం మర్చిపోయాను, అంతే.

తెలివొచ్చాక ఏడుపొచ్చింది

సినిమాలో అయితే ఇక్కడ శుభం కార్డు పడాలి. పడలేదు. అసలు కష్టం ఇక్కడే మొదలయింది.

జబ్బులో ఉన్నన్నాళ్ళూ నేను హీరోని. తెలివి వచ్చాక ఏమయ్యాను? పరీక్షలు తప్పినవాణ్ణి. మందులకి ఒళ్ళు వచ్చి, మధ్యాహ్నాలు కూడా తూలుతూ ఉండేవాణ్ణి. వీధిలో పిల్లలు నన్ను చూసి గుసగుసలాడేవారు. ఈసారి అది భ్రమ కాదు, నిజంగానే ఆడేవారు! ఒకరోజు ఓ కామెడీ సినిమాకి వెళ్ళాను. అందులో కమెడియన్‌ని చూసి ఇంకోడు "వీణ్ణి ఎర్రగడ్డ తీసుకెళ్ళండ్రా" అన్నాడు. హాలు విరగబడి నవ్వింది. అదివరకు నేనూ అలాగే నవ్వేవాణ్ణి. ఆ రోజు ఇంటర్వెల్లో లేచి వచ్చేశాను. ఇంటికి కాదు, రైలుపట్టాల వైపు నడిచాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా అక్క వెతుక్కుంటూ వచ్చి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది.

తనకి జబ్బుందని తెలుసుకోవడం మంచిదే అంటాం. కానీ అలా తెలుసుకున్నవాళ్ళు కొందరు అంతకంటే కుంగిపోతారు. అమెరికాలో పాల్ లైసేకర్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు 2007లో ఈ సంగతిని పరిశీలించారు. జబ్బు సంగతి తెలిసి, 'పిచ్చివాడంటే ఎందుకూ పనికిరానివాడు' అన్న లోకం మాటని కూడా నమ్మినవాళ్ళలో ఆశ తక్కువగా ఉందని తేలింది. అంటే చంపేది తెలివిడి కాదు. దానికి తోడు మనం మింగిన లోకం తీర్పు.

డాక్టరమ్మ అప్పుడో మాటంది. "జబ్బు ఉందని ఒప్పుకో, చాలు. నువ్వే జబ్బువని ఒప్పుకోమని నేనడగలేదు."

ఆ వారంలోనే ఒక రాత్రి, రెండో ఆట అయ్యాక, కేబిన్లో మా నాన్నకి జరిగిందంతా మొదటిసారి వరసగా చెప్పాను. నోటుబుక్కు దగ్గర్నుంచి రైలుపట్టాల దాకా. ఆయన రీళ్ళు రివైండ్ చేస్తూ విన్నాడు. మధ్యలో అడ్డుపడలేదు. ఒకచోట ఫిల్ము తెగి ఉంటే ఆగి, అంచులు కత్తిరించి, గీకి, సిమెంటు రాసి అతికించాడు. తర్వాత అన్నాడు, "తెగింది అతికించినప్పుడు ఒకటి రెండు ఫ్రేములు పోతాయి నాన్నా. బొమ్మ అక్కడ చిన్నగా ఎగురుతుంది. అంతే. సినిమా ఆగదు."

లైసేకర్ లాంటివాళ్ళు ఈమధ్య గట్టిగా చెప్పేదీ ఇదే. మెటాకాగ్నిషన్ అంటే తప్పులు పట్టుకోవడం ఒక్కటే కాదట. నా ఆలోచన ఇది, నా భయం ఇది, ఎదుటివాడి మనసులో ఉన్నది నా మనసులో ఉన్నది కాదు... ఇలా తెగిపడిన ముక్కల్ని ఏరి, 'నేను' అన్న ఒక్క కథగా మళ్ళీ అతుక్కోవడమట. ఆ అతుకు ఒక్కరోజులో పడేది కాదు, విని పట్టుకునేవాళ్ళు ఒకరుండాలి. నాకు మా నాన్న ఉన్నాడు.

వెండితెర ఏం చెప్పింది?

కోలుకుంటున్న రోజుల్లో, నాలాంటివాళ్ళ గురించి సినిమాలు ఏమన్నాయో వెతికి వెతికి చూశాను. మనవాళ్ళకీ ఈ కథలు కొత్తకాదు. 1960లోనే 'చివరకు మిగిలేది' వచ్చింది. మానసిక చికిత్సాలయంలో నర్సుగా సావిత్రి! బెంగాలీలో సుచిత్రాసేన్ చేసిన 'దీప్ జ్వేలే జాయ్'కి అది తెలుగు రూపం. హిందీలో 1969లో 'ఖామోషీ'గా వహీదా రెహమాన్ చేసింది. ప్రేమ నటించి రోగుల్ని బాగుచేసే నర్సు, చివరికి తనే దెబ్బతింటుంది. మనసు జబ్బు ఎవరికైనా రావొచ్చని, చికిత్స చేసేవాళ్ళకీ రావొచ్చని అన్నేళ్ళ క్రితమే చూపించారు. అయితే ప్రేమతోనే జబ్బు నయమవుతుందన్నది మాత్రం సినిమా లెక్క. ప్రేమ చెయ్యిపట్టుకుని డాక్టరు దాకా తీసుకెళ్తుంది. మా అక్క చేసింది అదే.

1998లో జిమ్ కేరీ 'ట్రూమన్ షో' వచ్చింది. ఒకడి జీవితమంతా వాడికి తెలియకుండా టీవీ సీరియల్‌గా తీస్తుంటారు. తర్వాత ఏళ్ళలో న్యూయార్కులో జోయెల్ గోల్డ్ అనే సైకియాట్రిస్టు దగ్గరికి, "నా జీవితం కూడా అలాగే షూట్ చేస్తున్నారు" అంటూ కొందరు వచ్చారు. ఆయనా, ఆయన సోదరుడూ కలిసి దాని గురించి రాశారు. చదివి నా ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో న్యూయార్కులో కూడా నా నోటుబుక్కు అన్నదమ్ములున్నారన్నమాట!

ఇక 2001లో వచ్చిన 'ఎ బ్యూటిఫుల్ మైండ్'. గణితవేత్త జాన్ నాష్ కథ. ఆయనకి 1994లో నోబెల్ వచ్చింది. సినిమాలో ఆయనకి మనుషులు కనిపిస్తారు. నిజజీవితంలో ఆయనకి వినిపించినవి గొంతులు. కనిపించడం తెర కోసం అల్లినది. ఆయన తర్వాతి ఏళ్ళలో మందుల్లేకుండా కోలుకున్నాడు. సినిమాలో మాత్రం మందులు వాడుతున్నట్టు ఒక మాట చెప్పించారు. ఒక్క మనిషికి జరిగింది అందరికీ ప్రిస్క్రిప్షన్ కాదు, ఆ సంగతి నా ఒంటిమీదే నేర్చుకున్నాను, చెప్తా. కానీ ఆ సినిమాలో నేను రివైండ్ చేసి చేసి చూసిన సీను ఒకటుంది. నాష్‌కి కనిపించే చిన్నపిల్ల ఏళ్ళు గడిచినా పెద్దది కాదు. ఆ ముక్క ఆయనకి హఠాత్తుగా తడుతుంది. వయసు పెరగని పిల్ల నిజమైన పిల్ల కాదు! ఎవరో చెప్పింది కాదు, తన ఆలోచనని తనే పరీక్షించుకుని పట్టుకున్నది. చివర్లో, కొత్త మనిషెవరో పలకరిస్తే, పక్కనున్న విద్యార్థినిని అడుగుతాడు ఆయన నీక్కూడా కనిపిస్తున్నాడా అని. హాల్లో జనం నవ్వుతారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఎందుకంటే నేనూ మా అక్కని అలాగే అడిగేవాణ్ణి.

మళ్ళీ చుక్క

డిగ్రీ పూర్తిచేశాను. గుంటూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో లెక్కల గుమాస్తాగా చేరాను. 2013లో సంబంధాలు చూడ్డం మొదలెట్టారు. అమ్మాయివాళ్ళు ఇంటికొచ్చి అలమారలో మందులు చూస్తే? అంతా బాగానే ఉంది కదా, ఇంకా ఎందుకీ మాత్రలు? ఎవరికీ చెప్పకుండా ఆపేశాను. తెలివితక్కువతనం అంటే అదీ.

నెలన్నర బాగానే ఉంది. తర్వాత నిద్ర అయిదు గంటలకి, మూడు గంటలకి దిగింది. బస్సు నంబర్లు కూడుతుండేవాణ్ణి. ఒకరోజు కండక్టరు చిల్లరిస్తూ నన్ను చూసి దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం ఉందనిపించింది. వెనకాల సన్నగా... ధడ్... ధడ్...

బస్సు దిగి మెట్ల మీద కూర్చున్నాను. డాక్టరమ్మ నేర్పిన పద్ధతి ఒకటుంది. నాలుగు గళ్ళు గీయాలి. ఏమనిపిస్తోంది? ఎన్ని మార్కులు? ఇంకేమై ఉండొచ్చు? ఎవర్ని అడగాలి? టిక్కెట్టు వెనకాల రాశాను. 'కండక్టరు సైగ చేశాడు. అరవై. జలుబు. అక్క.'

అరవైని చూసి ఒళ్ళు జల్లుమంది. దగ్గుకి అరవై మార్కులు ఏ లోకంలో వేస్తారు? అరవై మార్కులకి కారణం కండక్టరు కాదు. నేను. నా లోపల రీలు చివరికొచ్చింది. చుక్క మెరిసింది. ఇంకో ఏడెనిమిది సెకన్లే ఉంది!

అక్కకి ఫోను చేశాను. "అక్కా, మందులు ఆపేశాను. రేపు నేను నీకేం చెప్పినా నమ్మకు. ఇవాళ చెప్పేది మాత్రం నమ్ము. మళ్ళీ వస్తోంది."

"ఎక్కడున్నావురా?"

"బస్టాండు."

"అక్కణ్ణించి కదలకు. వస్తున్నా."

అంతే. తిట్టలేదు. ఆ సాయంత్రానికే డాక్టరమ్మ ముందున్నాం. మందు మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి మత్తు తక్కువుండేది. ఎందుకు ఆపానో చెప్తే కోప్పడకుండా, "మత్తుగా ఉందని అప్పుడే చెప్తే అప్పుడే మార్చేదాన్నిగా!" అంది. పదిరోజులు సెలవు పెట్టాను. మొదటిసారి పోయినవి నెలలు. రెండోసారి పోయినవి పది రోజులు.

ఆ సంబంధం వాళ్ళకి నిజం చెప్పాం. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాత వచ్చిన రెండు సంబంధాలూ అంతే. 2016లో వచ్చిన అమ్మాయి అంతా విని ఒక్కటే అడిగింది, "ఇప్పుడు నిద్ర బాగా పడుతోందా?" అని. ఆవిడే మా ఆవిడ. ఇప్పుడు ఇంట్లో చుక్కని చూసేవాళ్ళు ఇద్దరు.

ఇంటికెళ్ళే ముందు

చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో ఈ జబ్బువాళ్ళ కోసమే ఒక సంస్థ పెట్టారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో 1992లో పాట్రిక్ మెక్‌గోరీ మొదటిసారి జబ్బుపడిన కుర్రవాళ్ళకే ప్రత్యేకంగా ఒక కేంద్రం మొదలుపెట్టాడు. వీళ్ళందరూ చెప్పేది ఒక్కటే. ఎంత తొందరగా వస్తే అంత మంచిదని. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. అందులో చేరినవాళ్ళలో సగంమందికి, చికిత్స మొదలయ్యేసరికే 74 వారాలో అంతకు మించో గడిచిపోయాయి! మందులూ, మాటలూ, చదువు-ఉద్యోగాల సాయం, ఇంట్లోవాళ్ళకి అవగాహన కలిపి ఇచ్చిన చికిత్సలో, తొందరగా వచ్చినవాళ్ళు ఎక్కువ బాగుపడ్డారు.

కనుక మీ స్నేహితుడెవరైనా నిద్ర మానేసి, నలుగురికీ దూరమై, మామూలు సంగతుల్లో సైగలు వెతుకుతుంటే నవ్వకండి, వాదించకండి. "నీకెంత భయంగా ఉందో!" అనండి. డాక్టరు దగ్గరికి తోడువెళ్ళండి. ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 14416కి ఫోను చెయ్యండి. 2022లో మొదలైన ప్రభుత్వ 'టెలి మానస్' అది. డబ్బులడగరు, తెలుగులో మాట్లాడతారు. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్ళు కూడా అదే నంబరుకి చెయ్యొచ్చు. ఆ రైలుపట్టాల దగ్గర నాకీ నంబరు తెలియదు. మీకిప్పుడు తెలుసు.

మా హాలుకి 2011లో డిజిటల్ వచ్చింది. రీళ్ళు లేవు, రెండో ప్రొజెక్టరు లేదు, చుక్క కూడా లేదు. నాన్న రిటైరయ్యాడు. మొన్న పండక్కి ఆయన్ని సినిమాకి తీసుకెళ్ళాను. కేబిన్‌కి కాదు, కింద బాల్కనీ మొదటి వరసకి. సినిమా మంచి పట్టులో ఉండగా పక్కకి తిరిగి చూద్దును కదా, ఆయన కళ్ళు తెర కుడివైపు పైమూలనే ఉన్నాయి.

"ఇంకా దేనికి నాన్నా? ఇప్పుడు చుక్కలు రావుగా," అన్నాను.

"అలవాటురా," అన్నాడు. "నువ్వు మాత్రం మానకు."